వద్దని రాయాల్సిన వదిన

కళ్ళజోళ్ళ కొట్టు పైగది
ఆదివారం

వదినా,

కూర్చుని ఉన్నావా? లేకపోతే కూర్చో. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు.

పెద్దాయన కొట్టు నాకిస్తానన్నాడు! అవును, ఈ కళ్ళజోళ్ళ కొట్టే. ఇన్నేళ్ళుగా బుల్లి మరలు బిగిస్తూ, చెవి కమ్మీలు వేడిచేసి వంచుతూ, నానా రకాల ముక్కుల మీదా నానా రకాల ఫ్రేములు నిలబెడుతున్న కొట్టు. ఆయనకి ఓపిక అయిపోయిందట, కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడట. "వానాకాలం దాటేలోపు అడ్వాన్సు తెచ్చి నా చేతిలో పెట్టు, మిగతాది నెలనెలా కట్టుకో. తేలేకపోయావా, పక్కనున్న చెప్పుల కొట్టాయన మధ్య గోడ పగలగొట్టడానికి సుత్తి పట్టుకుని కూర్చున్నాడు" అన్నాడు.

నా జీతంతో అడ్వాన్సు కూడుతుంది. ఆ జీతం నా చేతిలో ఉంటే కూడదు. అదీ సంగతి.

ఆ మాట విన్న సంతోషంలో నేనేం చేశానో చెప్పనా? బజారుకెళ్ళి టేబుల్ లైటు కొన్నాను. ఇంటికొచ్చి పెడదామంటే టేబుల్ మీద చోటు లేదు. అక్కడ ముందే రెండు లైట్లున్నాయి, వాటిలో ఒకదానికి ఇంతవరకూ బల్బే పెట్టలేదు. అప్పుడు భయం వేసి మంచం కింద ఊడ్చాను. అన్నీ విప్పని డబ్బాలే. ఒకటి విప్పుతుంటే ఎవరో నాకు బహుమతి పంపినంత హుషారొచ్చింది, ఎందుకంటే అందులో ఏముందో నాకే గుర్తులేదు. ఉడికించిన గుడ్డుని నలుచదరంగా నొక్కే అచ్చు! గుండ్రటి గుడ్డుతో నాకేం పేచీ చెప్పు?

అందుకని నీ కాళ్ళు పట్టుకుంటున్నా. నాకు తెలిసినవాళ్ళలో పరమ పీనాసివి నువ్వే. తిడుతున్నాననుకోకు, నెత్తిన పెట్టుకుంటున్నా. అద్దె, తిండి పోగా మిగిలిందంతా నెలనెలా నీకు పంపిస్తాను, దాచిపెట్టు. బ్యాంకులో వేస్తే ఆ కార్డు నా పర్సులో కూర్చుని గిలిగింతలు పెడుతుంది. ఫోన్లో ఉన్న కొనుగోళ్ళ యాప్‌లన్నీ పీకేశాను. ఇకమీదట ఏదైనా కొనాలనిపిస్తే నీకు ఉత్తరం రాస్తాను. నువ్వు సరే అంటే కొంటాను, వద్దంటే నోరు మూసుకుంటాను. ఫోన్ మాత్రం చెయ్యను. నేను ముద్దుగా బతిమాలితే నువ్వు కరిగిపోతావు, పైగా సిగ్నల్ కోసం నువ్వు మీ క్వారీ గుట్టెక్కి దిగాలి. ఉత్తరం వచ్చి జవాబు చేరేసరికి ఎలాగూ వారం దాటుతుంది. ఈలోపు చెయ్యి దురద తగ్గకపోతుందా అని ఆశ.

ఒప్పుకుంటావు కదూ? ఒప్పుకో వదినా, నీకు పుణ్యముంటుంది.

నీ పిచ్చుక


క్వారీ, కాటా గది
శుక్రవారం

పిచ్చుకమ్మకి,

మీ అన్నయ్య నీకా పేరు ఊరికే పెట్టలేదు. చిన్నప్పుడు కనిపించిన పుల్లా పుడకా ఇంట్లోకి మోసుకొచ్చేదానివట. ఇప్పుడు మంచం కింద గూడు కట్టావన్నమాట.

నన్ను పీనాసి అంటే నాకేం కోపం రాలేదు. ఇక్కడ నా ఉద్యోగమే అది. లారీ ఖాళీగా వస్తే తూస్తాను, రాళ్ళతో పైకొస్తే మళ్ళీ తూస్తాను, తేడాకి చీటీ రాసిస్తాను. డ్రైవరు దిగకుండా సీట్లోనే కూర్చుంటే కిందకి దించి మరీ తూస్తాను. అలాంటిదాన్ని, నీ పప్పులు నా దగ్గర ఉడకవు.

డబ్బు పంపు. కాటా గదిలో నా సొరుగుకి తాళం ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. మీ అన్నయ్యక్కూడా ఇవ్వను. ఆయన క్రేన్ ఎక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే నేలమీదికొస్తాడు, ఆయనకి తాళాలతో పనేముంది?

ఇక కొనడం గురించి నాకు ఉపదేశాలు రావు. ఇక్కడ నిగ్రహం చాలా సులువు, ఎందుకంటే కొనడానికి ఏమీ లేదు. క్వార్టర్స్‌కంతా ఒక్కటే కొట్టు. సబ్బు, అగ్గిపెట్టె, బిస్కెట్లు. సబ్బు అయిపోతే అగ్గిపెట్టె, బిస్కెట్లు. వారానికోసారి కంపెనీ వ్యాన్ టపా తెస్తుంది. ఏదైనా కావాలని చీటీ రాసిస్తే ఆ డ్రైవరు టౌన్లో కొనుక్కొస్తాడు. నాకు మాత్రం ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.

కొట్టు నీదవ్వాలి. అది గుర్తుపెట్టుకుని రాయి. నా జవాబు ఎలా ఉంటుందో ముందే చెబుతున్నా: వద్దు.

వదిన


పైగది
బుధవారం

వదినా,

మొదటి అర్జీ. కాస్త మనసు పెట్టి చదువు.

కెటిల్. మామూలు కెటిల్ కాదు. వీధి మలుపులో గిన్నెల కొట్టు అద్దంలో పెట్టారు. వెన్న రంగులో ఉంది, బొజ్జ గుండ్రంగా, ముక్కు చిన్నగా, మన చిన్నత్తలా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. నీళ్ళు మరిగితే ఈల వేస్తుంది. నేను లోపలికెళ్ళి ఒక్కసారి వేయించి చూపించమన్నాను. ముందు చిన్నగా, మొహమాటంగా మొదలుపెట్టి, తర్వాత వీధిలో వాళ్ళు తల తిప్పి చూసేంత గట్టిగా వేస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇంట్లో ఎవరో పిలిచినట్టుంటుంది వదినా. నా గిన్నెలో నీళ్ళు మరిగితే నాకెవరు చెబుతారు?

డబ్బు కవర్లో పెట్టాను. ఇది నా మొదటి నెల. అతికించిన కవరు రెండుసార్లు విప్పి లెక్కపెట్టాను, సంతోషమో బెంగో తెలీలేదు.

పిచ్చుక


కాటా గది
శనివారం

పిచ్చుకమ్మకి,

వద్దు.

నీళ్ళు మరిగితే నీ గిన్నె మూత ఎగిరి చెబుతుంది. ఎప్పుడూ చెబుతూనే ఉంది.

డబ్బు అందింది, సొరుగులో భద్రంగా ఉంది. బాగా రాస్తావు నువ్వు. మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే చిన్నత్త పోలికకి పొలమారేదాకా నవ్వాడు.

అన్నట్టు ఆ ఈల ఎంతసేపు వేస్తుంది? దించేదాకానా, కాసేపటికి దానంతటదే ఆగుతుందా? ఊరికే అడుగుతున్నా.

వదిన


పైగది
గురువారం

వదినా,

నీ 'వద్దు' చేరేసరికి ఏమైందో తెలుసా? కెటిల్ సంగతి నేనే మర్చిపోయాను! కవరు విప్పి 'ఏది వద్దంటోంది ఈవిడ' అని ఆలోచించాల్సొచ్చింది. మందు పనిచేస్తోంది. (దించేదాకా వేస్తుంది. నీకెందుకు?)

కానీ ఈసారివి రెండు. మొదటిది గొడుగు. పిడి చెక్కది, నున్నగా పాలిష్ చేసి, పట్టుకుంటే ఎవరో పెద్దమనిషి చెయ్యి పట్టుకున్నట్టుంది. లోపలివైపు బట్ట మీద ఆకాశం, మబ్బులు. బయట ఎంత వాన కురిసినా నువ్వు మాత్రం ఎండాకాలం కిందే నడుస్తావన్నమాట.

రెండోది నిజంగా అవసరం, దేవుడి మీద ఒట్టు. నా చెప్పు తెగింది. పక్క చెప్పుల కొట్టు అద్దంలో నీలం బూట్లున్నాయి. మెత్తటి గుడ్డవి, అడుగున తెల్లటి రబ్బరు, నీళ్ళలో నడిచినా లోపలికి చుక్క రాదట. పొద్దున్నే మన కొట్టు షట్టరు తీసేటప్పుడు వాటి మొహం, రాత్రి దించేటప్పుడు వాటి మొహం. ఆ చెప్పులాయన కావాలనే ఇటు తిప్పి పెట్టాడని నా అనుమానం. "వేసుకుని చూడమ్మా, చూస్తే డబ్బులు తీసుకోను" అంటాడు. ఆయనకి గోడ కావాలి. నేను ఖర్చుపెడితే గోడ ఆయనదవుతుంది. అది గుర్తొస్తే చాలు, తల దించుకుని లోపలికెళ్ళిపోతున్నా.

పిచ్చుక


కాటా గది
సోమవారం

పిచ్చుకమ్మకి,

రెండూ వద్దు. జవాబు కొంచెం ఆలస్యమైంది, ఏమనుకోకు.

గొడుగు అస్సలు వద్దు. ఆ చెక్క పిడి తడిస్తే సబ్బులా జారుతుంది, గాలికి చేతిలో నిలవదు. మబ్బుల రంగు కూడా ఒక్క వానకే వెలుస్తుంది. చెప్పు చక్కగా కుట్టించుకో, ఇంకో ఏడాది వస్తుంది. కొట్టు వచ్చాక నీ ఇష్టం, రంగుకో జత కొనుక్కో.

నీకొక సలహా. వస్తువు గురించి ఎంత వివరంగా రాస్తే దాని మీద మోజు అంత తొందరగా పోతుందని నాకనిపిస్తోంది. కాబట్టి తొందరపడి రెండు ముక్కల్లో రాసెయ్యకు. రంగు, సైజు, ఎక్కడ దొరుకుతుంది, టౌన్లో కూడా ఉంటుందా, అన్నీ రాయి. నీ మంచికే చెబుతున్నా.

వదిన


పైగది
ఆదివారం

వదినా,

ఈ నెల డబ్బు కూడా దీంతోనే పెట్టాను. చెప్పు నేనే కుట్టుకున్నాను. ఫ్రేముల్లో వాడే సన్నటి నైలాను దారం ఉంది కదా, దాంతో. పెద్దాయన భూతద్దం పెట్టి చూసి "కళ్ళజోడుకి ఇంత శ్రద్ధగా ఎప్పుడూ బిగించలేదు నువ్వు" అన్నాడు. నిన్న వానలో ఊడింది, మళ్ళీ కుట్టాను. పాదం చిత్తడిగా ఉన్నా ఏదో గర్వంగా ఉంది వదినా. ఇదివరకు బజారులో నడిస్తే అద్దాలన్నీ నన్ను పేరు పెట్టి పిలిచేవి. ఇప్పుడూ పిలుస్తాయి, కానీ 'మా వదినని అడిగి చెబుతా' అనేసి ముందుకు పోతున్నా.

నిజంగా అడగడానికి ఈ వారం ఏమీ లేదు. కానీ నువ్వు వివరంగా రాయమన్నావు కాబట్టి ఒకటి వెతికి పట్టుకున్నా. కాళ్ళు పిసికే యంత్రం. చిన్న పీట లాంటిది, రెండు గుంటలుంటాయి, పాదాలు అందులో పెట్టి మీట నొక్కితే లోపల బంతులు తిరుగుతాయి. కొట్లో ఒక లావుపాటి పెద్దమనిషి పరీక్షించడానికని కూర్చుని గురక పెట్టేశాడు. సేల్స్ కుర్రది లేపలేక మూసే వేళకి లైట్లార్పేసింది. టౌన్లో పెద్ద ఎలక్ట్రిక్ కొట్లన్నిట్లో దొరుకుతుందట. నాకొద్దు. నువ్వు వద్దనే అవసరం కూడా లేదు!

ఒక్క సందేహం. తడిస్తే ఆ గొడుగు పిడి జారుతుందని నీకెలా తెలుసు?

పిచ్చుక


కాటా గది
శుక్రవారం

పిచ్చుకమ్మకి,

వద్దు. సరే, నువ్వే వద్దన్నావు కదా, మంచిది.

గొడుగు సంగతి ఎవరో చెప్పగా విన్నాను. ఇక్కడ పని ఎక్కువగా ఉంది, లారీలు గుట్ట చుట్టూ వరసకట్టాయి. తర్వాత రాస్తాను.

వదిన


పైగది
మంగళవారం

వదినా,

నీ ఉత్తరం ఇంత చిన్నదా? ఒంట్లో బాగుందా? అన్నయ్యతో ఏమైనా గొడవా?

నేను మాత్రం పెద్ద విషయమే రాయాలి. చెప్పులాయన ఇవాళ కొట్లోకొచ్చి పెద్దాయనకి నాకంటే ఎక్కువ ఇస్తానన్నాడు. నా ముందే! నేను ఎవరి కళ్ళజోడుకో అద్దం ఎక్కిస్తున్నా, చెయ్యి జారి మూలన చిట్లింది. పెద్దాయన ఆయన్ని పంపించేసి నాతో "మాట మాటే. కానీ మా అమ్మాయి తొందరపెడుతోంది. వానాకాలం చివరిదాకా ఆగలేను. నెలాఖరు శనివారం అడ్వాన్సు పెట్టు, కాగితం నీ పేరే రాస్తా" అన్నాడు.

పెడతాను కదా! నీ దగ్గర ఉందిగా! పెద్దాయన ముందే ఎగిరి గంతేశాను. ఇన్ని నెలలూ ఒక్కటంటే ఒక్కటి కొనలేదు వదినా, నేను! ఆ మనిషిని నేనేనా అని నాకే అనుమానంగా ఉంది.

ఈ వారం వ్యాన్‌లోనే డబ్బు పంపించెయ్యి. ఆలస్యం చెయ్యకు.

పిచ్చుక


కాటా గది
గురువారం

పిచ్చుకమ్మా,

డబ్బు ఈ వ్యాన్‌లో పంపలేను. అందులో కొంత లేదు. వాడేశాను.

కెటిల్ ముందు కొన్నాను. అది నా జీతంతోనే. నీ ఉత్తరం మూడుసార్లు చదివాక ఆ ఈల ఒక్కసారి వినాలనిపించింది. తర్వాత గొడుగు. అప్పటికి నా జీతం సరిపోలేదు, సొరుగులోంచి తీసి, వచ్చే నెల పెట్టేద్దామనుకున్నా. పెట్టాను కూడా. ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి. నువ్వు రాయనివి కూడా. చివరికి కాళ్ళు పిసికే యంత్రం. పెట్టడం ఆగిపోయింది, తియ్యడం ఆగలేదు. నీకు వద్దని రాసిన కలంతోనే వ్యాన్ డ్రైవరుకి చీటీ రాశాను.

నీకోసమే కొని దాచానని, కొట్టు తెరిచిన రోజు ఇద్దామనుకున్నానని ఒక ఉత్తరం రాశాను. రాసి చించేశాను. ఎందుకంటే ఆ నీలం బూట్లు కూడా కొన్నాను. అవి నా సైజువి.

ఎందుకు చేశానో చెబితే నీకు కోపం తగ్గదు, తగ్గాలని చెప్పడం లేదు. ఇక్కడ కిటికీలోంచి చూస్తే దుమ్ము. దుమ్ములోంచి లారీ, లారీ వెనక దుమ్ము. మీ అన్నయ్య ఇంటికొచ్చి అన్నం తింటూనే కునుకు తీస్తాడు. నీ ఉత్తరం వచ్చిన రోజు నాకు నీతో పాటు బజారు తిరిగినట్టుండేది. చదవడం అయిపోగానే మళ్ళీ ఇదే గది. ఆ వస్తువు తెప్పించుకుంటే ఇంకాసేపు బజార్లో ఉన్నట్టు ఉంటుందనుకున్నా. డబ్బా విప్పేదాకానే ఉంటుంది అది. ఆ సంగతి నీకు నాకంటే ముందే తెలుసు.

నీకు మొహం చూపించలేను. కానీ నెలాఖరులోపు ఏదో ఒకటి చేస్తాను.

వదిన


పైగది
సోమవారం

వదినా,

నాకు ఏడుపొచ్చింది. కొట్లో, జనం ముందు. నా కళ్ళలో మందు చుక్కలు పడ్డాయని పెద్దాయన అందరికీ సర్దిచెప్పాడు.

వేరే ఎవరైనా అయితే ఇంత బాధపడను. చెప్పు తడిసి పాదం జివ్వుమన్నప్పుడల్లా 'పర్లేదు, కొట్టు నాదవుతోంది' అనుకుంటూ నడిచాను. నీ మాట మీద నడిచాను! నేనలా నడుస్తుంటే నువ్వు ఆ బూట్లు వేసుకుని అక్కడ ఎక్కడికెళ్ళావు? గుట్ట మీదికా?

డబ్బు తగలేసే జబ్బు నాది. నీకు అంటుకుంటుందని నాకు తట్టలేదు, అది నా తెలివితక్కువ. కానీ నువ్వు చెప్పొచ్చు కదా. మొదటి కెటిల్ అప్పుడే 'నేనూ పడిపోయానే' అని ఒక్క ముక్క రాస్తే నవ్వుకునేవాళ్ళం.

దీనికి జవాబు రాయకు. నెలాఖరు శనివారం కాగితం ఎవరి పేర రాస్తాడో ఆ రోజు తెలుస్తుంది.


కాటా గది
బుధవారం

పిచ్చుకమ్మా,

జవాబు రాయొద్దన్నావు. ఇది జవాబు కాదు, డబ్బు కవరుతో పాటు వచ్చే చీటీ. ముందు కవరు విప్పి చూసుకో. అంతా ఉంది.

ఎలాగో చెప్పాలి కదా. వస్తువులన్నీ కాటా గదిలోకి తెచ్చి బల్ల మీద పేర్చాను. లారీలు వరసలో నిలబడ్డాయి, డ్రైవర్లు ఊరికే కూర్చున్నారు. "ఇంటికి ఏమైనా తీసుకెళ్ళండయ్యా" అని అడిగితే ఎవడూ లెక్కచెయ్యలేదు. అమ్మడం నాకేం వచ్చు? చివరికి నీ ఉత్తరం తీసి కెటిల్ గురించి పైకి చదివాను. చిన్నత్త నడుం దగ్గరికొచ్చేసరికి ఇద్దరు లారీ దిగారు. ఇంట్లో ఎవరో పిలిచినట్టుంటుందన్నావే, అక్కడ ఒక బుర్రమీసాల ఆయన కళ్ళు తుడుచుకుని "మేడం, ఇంకోసారి చదవండి" అన్నాడు. కెటిల్ ఆయనే పట్టుకెళ్ళాడు. ఆయన నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్పట.

గొడుగు మాత్రం పిడి జారుతుందని చెప్పే అమ్మాను. తగ్గించే ఇచ్చాను. బూట్లు క్యాంటీన్‌లో పనిచేసే ఆవిడ తీసుకుంది, ఆవిడదీ నా సైజే. అవి నేను ఒక్కసారి కూడా వీధిలో వేసుకోలేదు. గదిలో వేసుకుని, తీసి, మళ్ళీ డబ్బాలో పెట్టేదాన్ని. గుట్ట మీదికి ఎక్కడ వెళ్ళను, నాకు మొహం చెల్లితే కదా.

అన్నీ కొన్న ధరకి పోలేదు. తగ్గినదానికి నా ఈ నెల జీతం వేశాను. అయినా ఇంకా కొంచెం తక్కువైతే మీ అన్నయ్యకి అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నా. తింటున్న అన్నం వదిలేసి లోపలికెళ్ళాడు. తర్వాత తన ఓవర్‌టైమ్ డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కింద ఆయనే రాస్తున్నాడు చూడు.

*పిచ్చుకా, ఆ కాళ్ళ యంత్రం అమ్మనివ్వలేదు. దాని డబ్బు నేను కట్టాను, కాబట్టి అది నాది. క్రేన్ దిగొచ్చి అందులో కాళ్ళు పెడితే స్వర్గం. మీ వదినని ఎక్కువ తిట్టకు. ఈమధ్య నేను ఇంట్లో ఉన్నా లేనట్టే ఉన్నానని మొన్నే అర్థమైంది. ఆదివారం ఓవర్‌టైమ్ మానేస్తున్నా. — అన్నయ్య*

మళ్ళీ నేనే. ఇక నా దగ్గర డబ్బు దాచకు, ఏదీ అడగకు. అడిగించుకునే అర్హత నాకు లేదు. కొట్టు నీదైతే మాత్రం ఒక్క ముక్క రాయి, చాలు.

వదిన


కొట్టు, కౌంటరు వెనక
ఆదివారం

వదినా,

కొట్టు నాది.

నిన్న పొద్దున్నే కవరు పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కాగితం మీద నా పేరు రాసి, "అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో, నాకు చూపు తగ్గింది" అన్నాడు. కళ్ళజోళ్ళ కొట్టాయన అనాల్సిన మాటేనా! మధ్యాహ్నం చెప్పులాయన మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. పోట్లాటకనుకున్నా. తన కళ్ళజోడు కమ్మీ వదులైందట, బిగించమన్నాడు. నా కొట్లో నా మొదటి బేరం ఆయనే.

ఇప్పుడు అసలు సంగతి. సాయంత్రం ఫ్రేముల కంపెనీ మనిషి వచ్చాడు. పెట్టె తెరిచాడు వదినా. వరసలు వరసలుగా ఫ్రేములు. తేనె రంగువి, పొగ రంగువి, తీగంత సన్నటివి. ఒక్కొక్కటీ తీసి పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. ఇదివరకు నేను కొంటే మంచం కింద దాక్కునేవి. ఇప్పుడు స్టాకు అని పేరు పెట్టి పెట్టెలకి పెట్టెలు కొనెయ్యొచ్చు, నన్ను ఒక్కరు కూడా తప్పు పట్టరు! చెయ్యి అప్పటికే ఆర్డరు కాగితం మీదికి వెళ్ళింది.

అప్పుడు నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. "మా వదినని అడగాలి" అన్నాను. ఆయన తెల్లబోయి "కొట్టు మీది కాదా?" అన్నాడు. "కొట్టు నాదే, వద్దనేది మా వదిన" అన్నాను.

కోపం పోయిందా అంటే, అంతా పోలేదు. ఇంకా కొంచెం ఉంది, ఉండనీ. మోసపోయిన చోటే మళ్ళీ అడుగుతోందేమిటి అనుకుంటావు. ఆ దురద ఎలా ఉంటుందో ఇప్పుడు నీకూ తెలుసు. అది తెలియనివాళ్ళు 'కొనకు, అంతేగా' అని తేలిగ్గా అనేస్తారు. వాళ్ళ మాట నా చెవికెక్కదు.

కానీ ఉత్తరంలో రాయను. రాస్తే ఏమవుతుందో చూశాం. నువ్వే రా. సెలవు పెట్టు. ఆ ఫ్రేములాయన ఈ బుధవారం కాదు, వచ్చే బుధవారం మళ్ళీ వస్తానన్నాడు. నా పక్కన కుర్చీ వేస్తాను, కూర్చుని పెట్టంతా చూడు. ఆ దుమ్ములోంచి కొన్నాళ్ళు బయటపడు. వస్తువులు కొనకుండా కూడా బజారు తిరగొచ్చు మనం.

నీ పిచ్చుక


కాటా గది
శుక్రవారం

పిచ్చుకమ్మా,

మంగళవారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. పర్సు మీ అన్నయ్యకిచ్చి, టికెట్టు డబ్బులు మాత్రం చేతిలో పట్టుకుని వస్తున్నాను. కాబట్టి టీ కూడా నువ్వే ఇప్పించాలి.

నీ ఉత్తరం కాటా మీద లారీ ఉండగా చదివాను. ఏడుస్తుంటే డ్రైవరు దిగొచ్చి "మేడం, బరువు ఎక్కువొచ్చిందా?" అని కంగారుపడ్డాడు. లేదన్నాను.

ఆ ఫ్రేములాయనకి చెప్పు, వదిన వస్తోందని. అన్నీ చూపించమను, తేనె రంగువి రెండుసార్లు చూపించమను. చూడ్డానికే వస్తున్నాను, చూసి వద్దంటాను. నాకు చెయ్యి దురద పుడితే నువ్వు వద్దను. కొట్టన్నాక అద్దాల వెనక ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి చివరికి దేనికో సరే అనక తప్పదు. అది మాత్రం ఇద్దరం కలిసే అందాం.

వదిన